ఇరవై నిమిషాలు మిగుల్చుకుందామని: ఓవర్‌క్లాకింగ్‌తో నా అనుభవం

మాది కడప. చిన్నచౌక్‌లో మా ఇంటి మిద్దె మీద గదిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఫోటోగ్రాఫర్లు కెమెరా మెమరీ కార్డులు తెచ్చిస్తారు. కాపీ చేసుకుని, కోసి, కలిపి, పాటలు వేసి రెండు గంటల వీడియోగా తయారు చేసి ఇస్తాను. పదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. 2022 డిసెంబరు నుంచి 2023 మే చివరి దాకా నా కంప్యూటరుతో నేను పడ్డ అవస్థ ఇక్కడ రాస్తున్నాను. ఓవర్‌క్లాకింగ్ అంటే కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువ స్పీడుతో నడిపించడం. ఆ మాట అనగానే "ప్రాసెసర్ కాలిపోతుంది, జాగ్రత్త" అని భయపెడతారు. నా ప్రాసెసర్ కాలిపోలేదు. ఈ రోజుకీ నడుస్తూనే ఉంది. కాలిపోయి ఉంటే కొత్తది కొనుక్కునేవాణ్ని, ఈ కథ అక్కడితో అయిపోయేది.

మిషన్ 2019లో అసెంబుల్ చేయించింది. ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 2600. ఆరు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు ఆరు, ఒకేసారి పన్నెండు పనులు (థ్రెడ్లు) నడుపుతుంది. బేస్ స్పీడు 3.4 గిగాహెర్ట్జ్, అవసరాన్ని బట్టి 3.9 దాకా తనంతట తానే పెరుగుతుంది. ఆరు కోర్లూ ఒకేసారి కష్టపడుతున్నప్పుడు నా దగ్గర 3.65 దగ్గర నిలిచేది. రెండు గంటల పెళ్లి వీడియోను రెండర్ చేయడానికి, అంటే ఎడిట్ చేసినదంతా ఒకే వీడియో ఫైలుగా బయటికి తీయడానికి, మూడు గంటలు పట్టేది. ముహూర్తాల రోజుల్లో వారానికి మూడు నాలుగు పెళ్లిళ్లు వస్తాయి. రెండర్ అయ్యాక ఎక్కడో పేరు తప్పు పడిందని తెలిస్తే మళ్లీ మూడు గంటలు. ఆ మూడు గంటలు కుర్చీలో కూర్చుని నీలం గీత కదలడం చూస్తూ ఉండటం ఎంత నరకమో ఈ పని చేసేవాళ్లకు తెలుసు.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు, "మామా, దీంట్లో మల్టిప్లయర్‌కు తాళం ఉండదు. బయాస్‌లోకి పోయి రెండు నంబర్లు మార్చినావంటే ఊరికే స్పీడు వస్తాది" అన్నాడు. బయాస్ అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ తరం రైజెన్లన్నీ అలా తాళం లేకుండానే వచ్చాయి. ప్రాసెసర్ కూర్చునే నా మదర్‌బోర్డు బీ450 రకానిది కాబట్టి దానికీ అడ్డు లేదు. అదే ఏ320 బోర్డయి ఉంటే కుదిరేదే కాదు. వారంటీ సంగతి వాడూ అడగలేదు, నేనూ అడగలేదు. ఓవర్‌క్లాక్ చేసి పాడైతే కంపెనీ వారంటీ వర్తించదు. నాది ఎలాగూ మూడేళ్లు దాటి ముగిసిపోయింది.

పని డిసెంబరు రెండో వారంలో మొదలుపెట్టాను. డబ్బాతో వచ్చిన చిన్న కూలర్ చాలదని తెలిసి, రెండు వేలు పెట్టి నిలువుగా ఉండే టవర్ కూలర్ బిగించాను. రాత్రి పదకొండు, బయట చలి, కిటికీలు తీసి పెట్టాను. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఏ సంఖ్యతో గుణించాలో అదే మల్టిప్లయర్. ముందు 39 పెట్టి వోల్టేజీని ఆటోలో వదిలేశాను. స్పీడు మనం చేత్తో పెట్టి వోల్టేజీ బోర్డుకు వదిలేస్తే, అది ఎందుకైనా మంచిదని కావలసిన దానికన్నా ఎక్కువే పంపుతుంది. స్క్రీన్ మీద 1.42 వోల్టులు చూసి ఉలిక్కిపడ్డాను. ఆటో తీసేసి 1.30 పెడితే 3.9 హాయిగా నడిచింది. 4.0కి 1.35 సరిపోయింది. 4.1కి 1.35 పెడితే విండోస్ లోగో దగ్గరే రీస్టార్ట్ అయ్యింది. 1.375కీ అంతే. 1.40కి విండోస్ వచ్చింది గానీ, ప్రాసెసర్ తట్టుకుంటుందో లేదో చూసే టెస్టు పది నిమిషాలకు ఆగిపోయింది. 1.4125 దగ్గర గంటసేపు ఆగకుండా నడిచింది. చిప్ వేడి 79 డిగ్రీలు. తెల్లవారుజామున మూడింటికి పడుకున్నాను, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆ టెస్టు పేరు ప్రైమ్95. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి తయారైన ప్రోగ్రాం అది. జవాబు ముందే తెలిసిన పెద్ద పెద్ద గుణకారాలు ప్రాసెసర్‌తో చేయించి, వచ్చిన జవాబు సరిగా ఉందో లేదో చూస్తుంది. 1.40 దగ్గర ఆగిపోయినప్పుడు అది రాసిన వాక్యం నాకు ఇంకా గుర్తుంది: రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ రావాలి. ఆ రోజు దాన్ని "వోల్టేజీ ఇంకొంచెం కావాలి" అని మాత్రమే అర్థం చేసుకున్నాను. నా ప్రాసెసర్ ఒక లెక్క తప్పు చేసింది, చేసి కూడా ఏమీ జరగనట్టు ముందుకు పోబోయింది, పక్కన ఒకరు సరిచూస్తున్నారు కాబట్టి దొరికింది. ఆ వాక్యం అసలు అర్థం అది. పెళ్లి వీడియో పక్కన సరిచూసేవాళ్లు ఎవరూ ఉండరు.

మూడు గంటల రెండర్ రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. పన్నెండు శాతం స్పీడుకు ఇరవై నిమిషాలు. దానికి నేను ఇచ్చిన ధర చూడండి. చిప్ తాగే కరెంటు స్పీడుతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మామూలుగా ఫుల్ లోడులో 1.2 వోల్టుల దగ్గర ఉండే చిప్‌కు నేను 1.4125 ఇచ్చాను. వోల్టేజీ వల్లే దాదాపు 38 శాతం ఎక్కువ, దాన్ని పన్నెండు శాతం స్పీడుతో గుణిస్తే ఒకటిన్నర రెట్లకు పైన. అదంతా వేడే. 1998లో సెలెరాన్ 300ఏ అనే చిప్‌ను 300 మెగాహెర్ట్జ్ నుంచి 450కి తీసుకుపోయేవాళ్లు, చాలా చిప్‌లు వోల్టేజీ పెద్దగా పెంచకుండానే అందుకునేవి. అప్పట్లో కంపెనీలు అంత జాగా వదిలి అమ్మేవి. ఓవర్‌క్లాకింగ్‌కు మంచి పేరు వచ్చింది ఆ రోజుల్లోనే. ఇప్పటి చిప్‌లు తమంతట తామే స్పీడు పెంచుకుని, బూస్ట్ పేరుతో ఆ జాగాను వాడేసుకుంటున్నాయి. మనకు మిగిలేది గిన్నె అడుగున అంటుకున్న మాడే.

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి బాగా గడిచాయి. మార్చిలో ఒకటి రెండుసార్లు రెండర్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది, పట్టించుకోలేదు.

ఇప్పుడు నా గది గురించి చెప్పాలి. మిద్దె మీద ఒకటే గది, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. పడమటి గోడలో అలమారా, దాంట్లో అడ్డంగా కడప బండలు. కింది బండ మీద క్యాబినెట్ పెట్టుకున్నాను, దుమ్ము పడదని. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ ఎలా ఉంటుందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నల్ల బండ పగలంతా గోడ వేడిని పీల్చుకుని రాత్రంతా వదులుతుంది. మేలో ఒక రాత్రి రెండున్నరకు చెయ్యి వెనక్కి తిప్పి బండ మీద పెట్టాను. అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన పెనం పక్కన పెట్టినట్టు ఉంది. గాలి కూలర్ ఎంత పెద్దదైనా చిప్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరులో గది 23, చిప్ 79. మేలో గది 40. లెక్క ప్రకారం చిప్ 96 కావాలి. ఆ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన హద్దు 95. నేను డిసెంబరులో టెస్టు పాసయ్యిందని మురిసిపోయానే గానీ, ఆ పాసు డిసెంబరు రాత్రికి మాత్రమే చెల్లుతుందని ఆలోచించలేదు.

మే మొదటి వారం. వైశాఖ ముహూర్తాలు, టేబుల్ మీద ఏడు కార్డులు. రెండర్ అరవై శాతం దగ్గర ఒకసారి, ఎనభై దగ్గర ఒకసారి ఆగింది. విండోస్ కుప్పకూలి నీలి స్క్రీన్ వచ్చింది. టెన్షన్‌లో మనిషి అసలు కారణం తప్ప మిగతావన్నీ వెతుకుతాడు. విండోస్ మళ్లీ ఎక్కించాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వేశాను. చివరికి బయాస్‌లోకి పోయి వోల్టేజీని 1.45 చేశాను. దాంతో పాటు లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగును పై మెట్టుకు పెట్టాను. పొలంలో మోటారు వేయగానే ఇంట్లో బల్బు డిమ్ము అవుతుంది కదా, ప్రాసెసర్ మీద లోడు పడగానే దాని వోల్టేజీ కూడా అలాగే కొంచెం దిగుతుంది. ఆ దిగుడును ఈ సెట్టింగ్ పూడుస్తుంది. మంచిదే. కానీ లోడు ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజీ మనం పెట్టినదాన్ని దాటి క్షణకాలం పైకి ఎగురుతుంది. అది మన స్క్రీన్ మీది రీడింగుల్లో కనిపించదు, వాటికి పట్టుకునేంత వేగం లేదు. 1.45 పెట్టానని నేననుకుంటున్నప్పుడు చిప్ నిజంగా ఎంత చూసిందో నాకు తెలియదు.

రెండు రోజులు ఆగకుండా నడిచింది. బాగైందనుకున్నాను. ఆ రెండు రోజుల్లోనే జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో తీసిన పెళ్లి మెమరీ కార్డు వచ్చింది. వేరే పెళ్లి రెండర్ నడుస్తుండగానే ఆ కార్డును కాపీ చేశాను. ఫైళ్ల సంఖ్య సరిపోయింది, సైజు సరిపోయింది. తెల్లారి ఫోటోగ్రాఫర్ ఇంకో పెళ్లికి పోవాలని కార్డు తీసుకుపోయి ఫార్మాట్ చేసి వాడేశాడు. అతని తప్పేమీ లేదు, "అయిపోయింది, తీసుకుపో" అని నేనే చెప్పాను.

పది రోజులకు ఆ పెళ్లి ఎడిటింగ్‌కు కూర్చున్నాను. తలంబ్రాలు అయిపోయి పెద్దలు అక్షింతలు వేసే చోట, పెళ్లికూతురి అవ్వను ఇద్దరు పట్టుకుని నడిపించుకుని వస్తున్నారు. ఆమె వణికే చెయ్యి పళ్లెంలోకి పోయింది, గుప్పిట్లో అక్షింతలు తీసుకుంది, చెయ్యి పైకి లేచింది. అక్కడ బొమ్మ పగిలిపోయింది. ఆకుపచ్చ, ఊదా రంగు గళ్లు. అవ్వ మొహం ఉండాల్సిన చోట గళ్లు. ఏడెనిమిది సెకన్ల తర్వాత బొమ్మ తిరిగి వచ్చేసరికి ఆమె వెనక్కి తిరిగిపోతోంది. ఇరవైసార్లు వెనక్కి జరిపి చూశాను. ప్లేయర్ మార్చాను. ఫైలును లాప్‌టాప్‌లోకి వేసి చూశాను. అవే గళ్లు. హార్డ్ డిస్కు పరీక్షిస్తే ఒక్క లోపం లేదు. మొత్తం ఫైళ్లు వెతికితే ఇంకో మూడు చోట్ల అలాగే ఉంది, అవన్నీ ఆ రాత్రి కాపీ అయినవే. అదే కార్డు రీడర్‌తో లాప్‌టాప్‌లోకి కాపీ చేసిన వేరే పెళ్లిళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

లోపల జరిగే తప్పులన్నీ విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌ను అంతకుముందు ఎప్పుడూ తెరవలేదు. తెరిస్తే ఆ రెండు రోజుల తేదీల కింద హార్డ్‌వేర్ ఎర్రర్ అంటూ పసుపు గుర్తులు వరసగా ఉన్నాయి. స్క్రీన్ ఆగలేదు, శబ్దం రాలేదు, ఏ మెసేజూ రాలేదు. లోపల మాత్రం ప్రాసెసర్ తప్పులు చేస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం ప్రైమ్95 పెట్టాను. డిసెంబరులో తక్కువ వోల్టేజీకి గంట నడిచిన 4.1, ఇప్పుడు 1.45 దగ్గర నాలుగు నిమిషాలు నిలవలేదు.

మిషన్ ఎత్తుకుని ఏడు రోడ్ల దగ్గర రిపేర్లు చేసే అన్న దగ్గరికి పోయాను. ఆయన కూలర్ విప్పి, బోర్డు బయటికి తీసి, లైటు కిందికి వంచి, "చూడుబ్బా, ఈడ బోర్డు రంగు తిరిగిండాది" అన్నాడు. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే చిన్న నల్ల బిళ్లల చుట్టూ బోర్డు కాఫీ రంగుకు మారి ఉంది. పన్నెండు వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటిన్నర లోపు వోల్టులకు దించేవి ఆ బిళ్లలే, మాస్‌ఫెట్లు. నాది తక్కువ ధర బోర్డు, వాటి మీద వేడిని లాగే లోహపు దిమ్మ, హీట్‌సింక్, ఉన్నది ఒక వైపే.

"పాత కూలర్ ఎందుకు తీస్తివి?" అన్నాడు.

"అది చాలదని, అన్నా."

"చిప్‌కు చాలదు. కానీ అది గాలి కిందికి కొడ్తాది, ఆ గాలి వీటికి తగుల్తాది. నీ టవర్ గాలి అడ్డంగా పాయ. వీటికి గాలే లేకపాయ."

నాకు నోట మాట రాలేదు. నేను చేసిన ఒకే ఒక జాగ్రత్త పని, ఆ రెండు వేల కూలర్, బోర్డుకు అపకారం చేసింది. చిప్ వేడి స్క్రీన్ మీద చూసుకుంటూ కూర్చున్నాను, దాని పక్కనున్న మాస్‌ఫెట్ల వేడి ఎంతో ఒక్కసారీ చూడలేదు.

మరి చిప్‌కు ఏమైంది? ఇంటికి వచ్చాక కూర్చుని చదివాను. లోపలి రాగి తీగలు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. వాటిలో కరెంటు మరీ ఒత్తుగా పారితే ఎలక్ట్రాన్లు రాగి అణువులను నెట్టుకుంటూ పోతాయి. కేసీ కెనాల్‌లో నీళ్ల ఉరవడి ఎక్కువైనప్పుడు గట్టు మట్టి కొంచెం కొంచెం కోసుకుపోయినట్టే. ఒక చోట తీగ సన్నబడుతుంది, ఇంకో చోట రాగి పోగుపడుతుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1960ల చివర్లోనే దీనికి సమీకరణం రాశాడు. అందులో వేడి పాత్ర మామూలుది కాదు, కొద్ది డిగ్రీలు పెరిగినా తీగ ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. ఇది కాక ప్రతి ట్రాన్సిస్టర్ గేటు కింద కొన్ని అణువుల మందంలో ఒక పొర ఉంటుంది, ఎక్కువ వోల్టేజీ దాన్ని నెమ్మదిగా తూట్లు పొడుస్తుంది. ట్రాన్సిస్టర్లు మొద్దుబారతాయి, అదే స్పీడుకు ముందుకన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతాయి. మనం ఇస్తాం. ఇచ్చిన కొద్దీ ఇంకా మొద్దుబారతాయి. మేలో నేను చేసింది అచ్చంగా అదే. ఒకసారి జరిగాక బయాస్ రీసెట్ చేస్తే అది వెనక్కి రాదు. ఈ రోజు నా చిప్ 4.0 దగ్గర 1.35కి నడవదు, డిసెంబరులో నడిచింది.

ఇది నా ఒక్కడి అజ్ఞానం అనుకోకండి. 2002 ప్రాంతంలో పెంటియం 4 నార్త్‌వుడ్ చిప్‌లకు 1.7 వోల్టులు దాటించిన వాళ్ల ప్రాసెసర్లు కొన్ని వారాల్లో, నెలల్లో ఉన్నట్టుండి చచ్చిపోయాయి. నేను ఈ అవస్థ పడటానికి కాస్త ముందే, 2023 ఏప్రిల్‌లో, కొత్త రైజెన్ 7000 చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలి ఉబ్బాయి. ర్యామ్ స్పీడు పెంచే మెమరీ ప్రొఫైల్ ఆన్ చేస్తే, చిప్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని బోర్డులు ఎక్కువ పంపుతున్నాయని తేలి, ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టించింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు ఎక్కువ వోల్టేజీ వల్ల అస్థిరమవుతున్నాయని కంపెనీయే ఒప్పుకుని, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నా గదే కళ్లముందు కనిపించింది. వోల్టేజీ విషయంలో అంతటి ఇంజనీర్లకే లెక్క తప్పితే, వీడియో చూసి నంబర్లు కొట్టినవాణ్ని నేనెంత?

రిపేరు అన్న దగ్గరికి పోయిన మరుసటి రోజే ఆ పల్లెకు పోయాను. ఫోన్లో చెప్పడానికి మనసు ఒప్పలేదు. పెళ్లికూతురి నాన్న వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "అన్నా, కార్డులో బాగానే ఉండె. నా మిషన్ చెడగొట్టింది. తప్పు నాది" అని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాయమ్మ వచ్చే సంవత్సరం దాంకా ఉంటాదో లేదో అనే పెళ్లి ముందుకు పెట్టుకున్న్యాం" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. లోపల మంచం మీద అవ్వ ఉంది. "ఏం నాయనా, నేను దాంట్లో కనపల్లేదా?" అని అడిగింది.

పెళ్లికి వచ్చిన వాళ్లందరికీ ఫోన్లు చేయమని ఆయన కొడుకును బతిమాలాను. నాలుగో రోజు ప్రొద్దుటూరులో ఉండే వాళ్ల బంధువుల పిల్లాడి ఫోన్లో దొరికింది. పక్క నుంచి తీసింది, నిలువు బొమ్మ, ముందు ఎవరిదో భుజం అడ్డం. అయినా అవ్వ మొహం ఉంది, చెయ్యి ఉంది, అక్షింతలు వేస్తూ "సల్లగుండండి" అన్న మాట వినిపిస్తోంది.

అప్పటికి బయాస్‌లో అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకు తెచ్చేశాను. పాత కూలరే మళ్లీ బిగించాను. క్యాబినెట్‌ను అలమారాలోంచి తీసి తూర్పు కిటికీ పక్కన చెక్క బల్ల మీద పెట్టాను, గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. కార్డులోంచి కాపీ చేశాక ప్రతి ఫైలుకూ చెక్‌సమ్, అంటే ఫైలు మొత్తం మీద లెక్కగట్టే ఒక గుర్తు సంఖ్య, తీసి రెండు వైపులా సరిపోల్చుతున్నాను, వీడియో పెళ్లివాళ్ల చేతికి అందేదాకా కార్డు ఫార్మాట్ చేయవద్దని ఫోటోగ్రాఫర్లకు చెబుతున్నాను. వాళ్ల దగ్గర కార్డులు చాలకపోతే నా డబ్బుతో రెండు కొనిచ్చాను. ఇంకొకటి, చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. నా మిషన్‌లో మొదటి నుంచీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉంది. వీడియోను ఎన్‌కోడ్ చేయడానికే, అంటే కుదించి ఫైలుగా మార్చడానికే, దాంట్లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో 2020 నుంచే ఎక్స్‌పోర్ట్ పేజీలో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ అనే ఆప్షన్ ఉంది. నాది పాత టెంప్లేట్ కాబట్టి అక్కడ సాఫ్ట్‌వేర్ అనే, అంటే పనంతా ప్రాసెసరే చేసేలా, ఉండిపోయింది, నేను ఎప్పుడూ మార్చి చూడలేదు.

అవ్వ ఉన్న ఫోన్ ముక్కను ఆ చోట అతికించి, రెండు పక్కలా ఖాళీని పెళ్లి పందిరి పూలతో నింపి, హార్డ్‌వేర్ అని పెట్టి బటన్ నొక్కాను. ప్రాసెసర్ 3.6 దగ్గర, 71 డిగ్రీల్లో ఉంది. గంటా ఐదు నిమిషాల్లో వీడియో బయటికి వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా రెండు గంటలూ కూర్చుని చూసి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని, తెల్లారి మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయాను.